కొలువు విడిచి కారాగారం చెంతకు: ఫ్రెడరిక్ బూత్ టక్కర్ జీవిత గాథ

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

రాజ్యాలేలిన వాళ్ల చరిత్రలు మనం చిన్నప్పటి నుంచీ చదువుకుంటూనే వున్నాం. ఎవరు ఏ కోట కట్టారో, ఎవరు ఎవరిని ఓడించారో పరీక్షల కోసం బట్టీ పట్టాం. కానీ ఆ కోటల పక్కనే వుండే జైళ్ల సంగతి ఏ పాఠంలోనూ రాలేదు. జైలుకు పోయినవాడి సంగతి ఒక ఎత్తు. వాడు పోయాక ఇంట్లో మిగిలిన ఆలుబిడ్డల సంగతి ఇంకో ఎత్తు. వాళ్ల కోసం బతుకు ధారపోసిన వాళ్లు లోకంలో కొద్దిమందే. అందులో ఒకాయనను గురించి మన సావనీరు పాఠక మిత్రులకు చెప్పాలని ఈ చిన్న ప్రయత్నం.

మా సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలు వుంది. ఖైదీలను కంది దగ్గర కట్టిన కొత్త జైలుకు మార్చిన తరువాత, 2016లో ఆ పాత జైలును మ్యూజియం చేశారు. ఐదు వందల రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీలాగ వుండి రావచ్చని ఏర్పాటు చేస్తే పేపర్లన్నీ రాశాయి, దూర దూరాల నుంచి జనం వచ్చారు. ఒక్క రోజు కోసం డబ్బు కట్టి పోయేవాడికి మరునాడు తలుపు తీస్తారని తెలుసు. ఆ తలుపు ఎప్పుడు తీస్తారో తెలియనివాడి సంగతేమిటి? తీసిన తరువాత ఎక్కడికి పోవాలో తెలియనివాడి సంగతేమిటి? సుమారు నూట నలభై ఏండ్ల కింద ఈ ప్రశ్న వేసుకొని, బంగారం లాంటి ఉద్యోగాన్ని వదిలేసిన మనిషే ఫ్రెడరిక్ బూత్ టక్కర్. మన తెలుగు నేల మీద బాపట్ల దగ్గర వున్న స్టూవర్టుపురానికీ ఆయన జీవితానికీ విడదీయరాని ముడి వుంది.

పుట్టుక, ఉద్యోగం

ఫ్రెడరిక్ టక్కర్ 1853 మార్చి 21న బీహారులోని ముంగేరులో జన్మించాడు. తెల్లదొరల బిడ్డే గాని పుట్టింది మన మట్టి మీద. తాతగారు ఈస్టిండియా కంపెనీకి అధ్యక్షుడుగా చేసినవాడు. తండ్రి కూడా ఈ దేశంలో పెద్ద ఉద్యోగి, పారశీక భాషలో పండితుడు. ఇంగ్లండులో చదువుకొని, ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్ష పాసై, టక్కర్ 1876లో పంజాబులో అసిస్టెంటు కమిషనరుగా చేరాడు. ఆ రోజుల్లో అసిస్టెంటు కమిషనరంటే మాటలు కాదు. పన్ను వసూలు చేసేదీ ఆయనే, మేజిస్ట్రేటుగా కూర్చొని శిక్ష వేసేదీ ఆయనే. అంటే మనుషులను జైలుకు పంపే కలం ఇరవై మూడేండ్లకే ఆయన చేతికి వచ్చింది.

1877లో లూయిసా బోడ్ అనే ఆమెను పెండ్లాడాడు. ఆమె ఆయనకంటే వయసులో చాలా పెద్దది. భక్తిపరురాలు. ఇద్దరూ కలిసి సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి ప్రార్థనలు జరిపేవాళ్లు. సర్కారు ఉద్యోగి ఇట్లా మతప్రచారం చేయడం పై అధికారులకు నచ్చలేదు. ఉద్యోగమా, సేవా అనే తూకం ఆయన మనసులో అప్పటి నుంచే మొదలైంది.

అప్పుడే లండనులో విలియం బూత్ అనే బోధకుడు నడిపే సాల్వేషన్ ఆర్మీ పత్రిక ఒకటి టక్కర్ చేతికొచ్చింది. బూత్ 1865లో లండను తూర్పు పేటల్లో, తాగుబోతుల మధ్య, దొంగల మధ్య, కూటికి లేని కార్మికుల మధ్య పని మొదలుపెట్టాడు. 1878లో ఆ సంస్థకు సాల్వేషన్ ఆర్మీ అన్న పేరొచ్చింది. సైన్యమన్న పేరే గాని వాళ్ల చేతుల్లో వుండేవి తప్పెట్లు, బాకాలు, జెండాలు. పత్రిక చదివిన టక్కర్ 1881లో సెలవు పెట్టి లండను పోయి బూత్‌ను కళ్లారా చూశాడు. చూసిన తరువాత వెనక్కి తిరగలేదు. సివిల్ సర్వీసుకు రాజీనామా ఇచ్చేశాడు. జీతం పోయింది, పెన్షను పోయింది, బంధువుల దగ్గర మర్యాద కూడా పోయింది. ఈ రోజుల్లో గ్రూప్ వన్ కోసం నాలుగైదేండ్లు కోచింగుల్లో కూర్చునే మన మిత్రులకు ఆ రాజీనామా విలువ నేను చెప్పనక్కరలేదు.

నలుగురి దండు

1882 సెప్టెంబరు 19న బొంబాయి రేవులో టక్కర్ దిగాడు. వెంట వచ్చింది ముగ్గురే. అందులో ఒకరు స్త్రీ. సైన్యం వస్తున్నదని విని ఏం గొడవ జరుగుతుందోనని పోలీసులు రేవు దగ్గర కాచుకొని వుంటే, దిగింది నలుగురు మనుషులు. మిగతా దండు ఎక్కడని అడిగితే ఇంతేనని జవాబు. తెల్లవాళ్లు మన దేశపు బట్టలు కట్టుకొని, తప్పెట కొట్టుకుంటూ బజారులో ఊరేగడం అక్కడి దొరలకు తలవంపుగా తోచింది. పాలించేవాళ్ల హోదా మంట గలిసిపోతుందని వాళ్ల భయం. ఊరేగింపులు ఆపమని ఉత్తర్వు వచ్చింది. టక్కర్ ఆపలేదు. అరెస్టు చేశారు, జరిమానాలు వేశారు, చివరకు జైల్లో పెట్టారు. నిన్నటి దాకా బోనులో నిలబడినవాళ్లకు శిక్ష వేసినవాడు ఇప్పుడు బోనులో తానే నిలబడ్డాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతొకటుంది. టక్కర్ పక్షాన నిలబడిన వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు కూడా వున్నారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆ అరెస్టులను ఖండించి కలకత్తాలో గొంతెత్తాడు. దేవుడిని ఏ పేరుతో పిలిచినా బజారులో నిలబడి మాట్లాడే హక్కు అందరిదీ అన్నది ఆయన వాదం. చివరకు సర్కారే మెత్తబడింది.

జైలు అనుభవం టక్కర్‌ను మార్చింది. బయటి నుంచి చూసే మేజిస్ట్రేటుకు జైలు ఒక అంకె. లోపల పడుకున్నవాడికి అది చలి, నల్లులు, గంజి, అవమానం. తరువాతి జీవితంలో ఖైదీల వైపు ఆయన మనసు అంతగా మొగ్గడానికి ఇది కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఫకీర్ సింగ్

టక్కర్ తన దొర పేరు పక్కన పెట్టి ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. కాషాయ రంగు బట్టలు, తలపాగా, ఉత్త కాళ్లు. చేతితో అన్నం తినడం, నేల మీద పడుకోవడం, ఊళ్లో భిక్షమెత్తుకొని బతకడం. ఆయన దండును ఉత్తరాది జనం ముక్తి ఫౌజ్ అన్నారు. గుజరాతులో, దక్షిణాదిన తిరువాన్కూరులో, సింహళంలో వాళ్ల పని వేళ్లూనుకుంది. ఆ సంస్థలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఒక ఊరివాళ్లు నీళ్లు కూడా ఇయ్యకుండా తరిమితే ఆయనా తోటివాడూ చెట్టు కింద పడుకున్నారట. నిద్రలో వుండగా వాళ్ల అరికాళ్ల బొబ్బలు చూసి ఊరివాళ్ల మనసు కరిగి, తామే లేపి అన్నం పెట్టారట. రైతు ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి ఈ కథ నాకు బాగా అర్థమవుతుంది. ఎండాకాలం చెలకల్లో చెప్పులు లేకుండా నడిస్తే ఎట్లుంటదో మా నాయిన కాళ్లు చూసిన నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఈ బతుకు చౌకగా రాలేదు. ఆ ఎండలకు, విషజ్వరాలకు, కలరాకు ఎందరో యువకులు, యువతులు బలైపోయారు. 1887లో లూయిసా కూడా కన్నుమూసింది. మరుసటి ఏడు విలియం బూత్ రెండో కుమార్తె ఎమ్మాను టక్కర్ వివాహమాడి, ఆమె ఇంటిపేరును తన పేరుకు కలుపుకొని బూత్ టక్కర్ అయ్యాడు. భార్య ఇంటిపేరు మొగుడు పెట్టుకోవడం ఇప్పటికీ మనకు వింతే. ఎమ్మా కూడా ఇక్కడికొచ్చి రహీమాన్ అన్న పేరు పెట్టుకొని, చీర కట్టుకొని పనిచేసింది.

జైలు వాకిట నిలబడి

ఖైదీల సేవ బూత్ టక్కర్‌తోనే పుట్టలేదు. ఇంగ్లండులో జాన్ హోవర్డ్ అనే ఆయన జైళ్లన్నీ తిరిగి, అక్కడి కుళ్లును 1777లో పుస్తకంగా బయటపెట్టాడు. ఎలిజబెత్ ఫ్రై అనే ఇల్లాలు 1813లో లండను న్యూగేటు జైలులోకి పోయి, తల్లులతోపాటు చంటిపిల్లలు కూడా లోపలే మగ్గిపోవడం చూసి, ఆ పిల్లలకు జైల్లోనే బడి పెట్టించింది. ఖైదీ వెనుక ఒక కుటుంబం వుందని లోకానికి చూపిన తొలి మనుషుల్లో ఆమె ఒకరు. 1883లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో సాల్వేషన్ ఆర్మీవాళ్లు జైలు వాకిట నిలబడే దళాన్ని మొదలుపెట్టారు. విడుదలైనవాడు వాకిలి దాటగానే ఎదురయ్యేది పాత స్నేహితుడో, కల్లు దుకాణమో కాకుండా, పడుకోను చోటు, చేయను పని చూపే మనిషి కావాలన్నది వాళ్ల ఆలోచన.

ఆ పద్ధతినే బూత్ టక్కర్ దళం సింహళానికి, మన దేశానికి తెచ్చింది. 1890 ప్రాంతంలో ఆయన డార్కెస్ట్ ఇండియా అనే పుస్తకం రాశాడు. కరువులో ఎండిపోయిన పల్లెలు, అప్పుల్లో మునిగిన రైతు, పనిలేని కూలి, జైలు నుంచి వచ్చినవాడు, వీళ్లందరినీ ఒకే గొలుసులో చూపించాడు. పనిలేకపోవడం, ఆకలి, దొంగతనం, జైలు, మళ్లీ పనిలేకపోవడం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. తెంచడానికి మందలించడం చాలదు, పని ఇయ్యాలి. ఆయన జీవితమంతా పట్టుకున్న సిద్ధాంతం ఇదే.

1896లో బూత్ టక్కర్ దంపతులను అమెరికాకు పంపారు. అక్కడ పట్నాల్లో కూలి దొరకని కుటుంబాలను పల్లెల్లో భూమి ఇచ్చి స్థిరపరచాలని కాలిఫోర్నియా, కొలరాడో, ఒహాయో రాష్ట్రాల్లో వ్యవసాయ కాలనీలు పెట్టారు. వాటిలో కొన్ని నేల ఉప్పుకు, అప్పుల బరువుకు నిలవలేకపోయాయి. అదే కాలంలో ఎమ్మా వదినె మాడ్ బూత్, సాల్వేషన్ ఆర్మీ నుంచి విడిపోయి, న్యూయార్కు దగ్గరి సింగ్ సింగ్ జైలు నుంచి ఖైదీల సంఘం మొదలుపెట్టి, విడుదలైనవాళ్లకు ఇండ్లు నడిపింది. 1903 అక్టోబరులో మిస్సోరీ రాష్ట్రంలో జరిగిన రైలు ప్రమాదంలో ఎమ్మా మరణించింది. చిన్న చిన్న పిల్లలతో ఆయన ఒంటరివాడయ్యాడు. 1906లో మిన్నీ రీడ్‌ను పెండ్లాడి, మరుసటి ఏడు తిరిగి భారతదేశానికి వచ్చాడు. అప్పటికి ఆయన వయసు యాభై నాలుగు.

పుట్టుకతోనే నేరస్థులట!

ఇక్కడి నుంచి కథ మన గడప దగ్గరికొస్తుంది. 1871లో తెల్లదొరల సర్కారు నేరస్థ జాతుల చట్టమని ఒకటి చేసింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానితో సహా దేశమంతటికీ విస్తరించింది. ఈ చట్టం ప్రకారం ఒక కులం మొత్తాన్ని నేరస్థ జాతిగా ప్రకటించవచ్చు. దొంగతనం చేసినవాడా, చేయనివాడా అన్న విచారణ లేదు. పేర్లు చిట్టాలో ఎక్కిస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. పోలీసుల దగ్గర హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బళ్లలో పెట్టే అధికారం కూడా సర్కారుకు ఇచ్చారు.

నేతగాని కొడుకు నేతగాడైనట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడన్నది ఆనాటి అధికారుల తర్కం. జీవశాస్త్రం చదువుకునే విద్యార్థిగా నాకిది చూస్తే ఆశ్చర్యం, కోపం రెండూ కలుగుతాయి. మెండెల్ బఠాణీ మొక్కల ఎత్తు, గింజ రంగు తరతరాలకు ఎట్లా దిగుతాయో చూపించాడు. ఆయన పరిశోధన 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. అందులో ఎక్కడా దొంగతనమనే లక్షణం లేదు. తరతరాలకూ దిగింది జన్యువు కాదు, పేదరికం. దానికి తోడు పోలీసు చిట్టా.

మన ఎరుకల వాళ్ల సంగతే చూడండి. ఒకప్పుడు వాళ్లు గాడిదల మీద, ఎడ్ల మీద సముద్ర తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చేవాళ్లు. సర్కారు ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. రైలు పట్టాలు పడ్డాయి, ఎడ్ల బేరానికి కాలం చెల్లింది. అడవి చట్టాలొచ్చి గంపలల్లే వెదురు అందకుండా పోయింది. 1876-78 కరువు మిగిలిన పశువులను కూడా మింగేసింది. బతుకుదెరువు తీసేసి, తిరుగుతున్నాడు కాబట్టి దొంగ అన్నారు. మా ఊళ్లో ఇప్పటికీ ఎరుకలవాళ్లు గంపలు, చాటలు అల్లి తెస్తారు, మా అమ్మ వడ్లకో జొన్నలకో తీసుకుంటది. ఆ చాట లేకుంటే మా కల్లంలో తూర్పారబట్టుడు సాగదు. అట్లాంటి చేతులకు ఆనాటి కాగితం మీద పెట్టిన పేరు నేరస్థ జాతి!

గోరఖ్‌పూర్ నుంచి స్టూవర్టుపురం దాకా

1908లో సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ప్రోత్సాహంతో, గోరఖ్‌పూర్‌లో డోములనే తెగను బూత్ టక్కర్ చేతిలో పెట్టారు. పోలీసులు విసిగిపోయి వదిలేసిన వాళ్లను ఆయన తీసుకున్నాడు. వీళ్లు మారరని సర్కారు అన్నది. పని, ఇల్లు, మర్యాద ఇస్తే మారతారని ఆయన అన్నాడు. నేరం ఒక జబ్బు లాంటిదని, జబ్బుకు కావలసింది కొరడా కాక వైద్యమని, ఆ వైద్యానికి ఇంగ్లీషులో ఒక కొత్త మాట కూడా పుట్టించి చిన్న పుస్తకం రాశాడు. సిమ్లా కేంద్రంగా వుండి పట్టుపురుగుల పెంపకం, తమ సంస్థవాళ్లే మెరుగుపరచిన చేమగ్గం, యూకలిప్టస్ నాటడం, ఇట్లా పల్లె పనులెన్నో ప్రచారం చేశాడు. యూకలిప్టస్ వల్ల భూగర్భ జలాలకు వచ్చే చిక్కు మనకిప్పుడు తెలుసు గాని, ఆనాటి శాస్త్రం అంతే.

ఆయన భారతదేశంలో ఆ సంస్థకు పెద్దగా వున్నప్పుడే, 1913-14 ప్రాంతంలో, బాపట్లకూ చీరాలకూ నడుమ ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యవర్గ సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద దానికి స్టూవర్టుపురమని పేరు పెట్టారు. ఇక్కడ మగవాడిని ఒక్కడినే జైల్లో పెట్టి ఆలుబిడ్డలను దిక్కులేనివాళ్లను చేయలేదు. కుటుంబమంతా ఒక్కచోట వుంది. సాగుకు భూమి, పిల్లలకు బడి, రోగానికి మందు. జైలు కంటే ఇది మేలన్నమాట కాదనలేం.

1913లో ఆయన సేవకు గుర్తుగా సర్కారు కైసర్-ఎ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. ముప్పై ఏండ్ల కింద తనను బొంబాయి జైల్లో పెట్టిన సర్కారే!

నాణేనికి రెండో వైపు

మిత్రులారా, మహనీయుల చరిత్ర రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి ముగించడం మన సావనీర్లలో అలవాటు. ఈ కథలో అట్లా చేస్తే అది ఎరుకల వాళ్లకు అన్యాయం.

సెటిల్‌మెంటుకు గోడ లేకపోవచ్చు గాని హాజరు వుంది, పాసు వుంది. పాసు లేకుండా పోతే శిక్ష వుంది. అక్కడ వుండమని వాళ్లను ఎవరూ అడగలేదు, తెచ్చి పెట్టారు. బోధకుడే మేనేజరు, మేనేజరే సగం పోలీసు. ప్రార్థనకు పిలిచేవాడి చేతిలోనే హాజరు పుస్తకం వుంటే, వచ్చినవాడు భక్తితో వచ్చాడా భయంతో వచ్చాడా ఎట్లా తెలుస్తుంది? మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ విషయాలను లోతుగా చర్చించింది. ఉప్పు బేరం కూలిన సంగతి, తరువాతి కాలంలో స్టూవర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చౌక కూలీలైన సంగతి అందులో వున్నాయి. పని నేర్పడం వేరు, పోవడానికి వేరే దారి లేని కూలిని తయారు చేయడం వేరు.

బూత్ టక్కర్ మనసులో కపటం వుందని నేననను. సంపద కావాలనుకుంటే సివిల్ సర్వీసు వదిలేవాడే కాదు. కానీ పుట్టుకతో నేరస్థులన్న సర్కారు మాటను ఆయన పూర్తిగా కాదనలేదు. వాళ్లు నయమవుతారన్నాడు గాని, వాళ్లకు జబ్బే లేదని అనలేదు. బొంబాయిలో ఊరేగింపు ఆపమన్న ఉత్తర్వును ఎదిరించినవాడు, ఒక జాతి మొత్తాన్ని బంధించే చట్టాన్ని ఎదిరించకుండా దాని కిందనే పనిచేశాడు. దయ వుంది, న్యాయం సగమే వుంది. ఆయన జీవితంలో మనం నేర్చుకోవలసిన పెద్ద పాఠం నా దృష్టిలో ఇదే.

ఆయన తరువాత

1919లో ఆయన ఇండియా విడిచాడు. 1929 జూలై 17న లండనులో కన్నుమూశాడు. 1947లో మద్రాసు రాష్ట్రంలో, 1952 ఆగస్టు 31న దేశమంతటా నేరస్థ జాతుల చట్టం రద్దయింది. ఆ జాతులను అప్పటి నుంచి విముక్త జాతులంటున్నారు. చట్టం పోయినా ముద్ర పోలేదు. స్టూవర్టుపురం పేరు చెబితే దొంగలని జోకులు వేసే సినిమాలు మనమంతా చూశాం. అక్కడి పిల్లవాడు ఉద్యోగం అప్లికేషనులో ఊరి పేరు రాయాలంటే ఎట్లుంటుందో ఒక్కసారి ఆలోచించండి. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, ఆయన సహధర్మచారిణి, మహాకవి జాషువా కుమార్తె హేమలత స్టూవర్టుపురంలో పాదం పెట్టి, అక్కడివాళ్లతో కలిసి మెలిసి సంస్కరణ కార్యక్రమం నడిపారు. దేవుడి పేరు మీద ఒకరు మొదలుపెట్టిన చోట, దేవుడు లేడనే మరొకరు పని కొనసాగించారు. ఎవరు చేసినా ఖైదీ భార్యకు కావలసింది బియ్యం, బిడ్డకు బడి, మొగుడికి పని.

మన దిక్కు సంగతి

ఇదంతా పాత కథ, మనకేం సంబంధమని కొందరనవచ్చు. మా పటాన్‌చెరు, పాశమైలారం దిక్కు ఫ్యాక్టరీల్లో బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు వేలమంది వున్నారు. బూత్ టక్కర్ పుట్టిన ముంగేరు నుంచి కూడా వచ్చినవాళ్లు వుండవచ్చు. అందులో ఒకడు ఏ తగాదాలోనో జైలుకు పోతే, ములాఖత్‌కు వచ్చే మనిషుండడు, జామీను ఇచ్చే మనిషుండడు. 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో వున్నవాళ్లలో నూటికి డెబ్బై అయిదుగురికి పైగా విచారణ ఖైదీలు. అంటే ఇంకా నేరం రుజువు కానివాళ్లు. వాళ్లలో చాలామందికి అడ్డమొచ్చేది నేరం కంటే పేదరికమే.

మా ఊళ్లో కూడా నా చిన్నతనంలో పొలం గెట్టు తగాదాలో ఒకాయన జైలుకు పోయిండు. మిగిలింది భార్య, ఇద్దరు పిల్లలు, రెండెకరాల చెలక. ఊళ్లో ఆమెను బదులు పనికి పిలవడం మానేశారు. అప్పిచ్చినవాడు వచ్చి గడపలో కూర్చున్నడు. మేము ఏటా ఎల్లమ్మకు బోనం ఎత్తేవాళ్లం, చర్చికి పోయేవాళ్లం కాదు. కానీ చూసింది చెప్పాలి. పక్క ఊరి చర్చివాళ్లు ఇద్దరు నెలకొకసారి బియ్యం సంచి తెచ్చేవాళ్లు. ఆమెను బస్సెక్కించి ములాఖత్‌కు తీసుకుపోయి, మళ్లీ ఇంట్లో దింపేవాళ్లు. పిల్లల బడి మాన్పించొద్దని కూర్చొని చెప్పేవాళ్లు. మతం మారమని అడిగినట్టు నేను వినలేదు. వాళ్లను చూసి మా నాయిన ఒకరోజు ఏమీ అనకుండా నాగలి కట్టి ఆమె చెలక దున్ని వచ్చిండు. ఆ తరువాత ఇంకో ఇద్దరు రైతులు పోయిండ్రు. ఆయన విడుదలై వచ్చేసరికి చేను పచ్చగా వుంది, పిల్లలు బడిలో వున్నారు. ఆయన మళ్లీ ఏ తగాదాకూ పోలేదు.

బూత్ టక్కర్ సెటిల్‌మెంట్ల కంటే ఈ బియ్యం సంచి చిన్నది. కానీ దాని వెంట హాజరు పుస్తకం లేదు. అందుకే అది ఎక్కువ దూరం పోయిందని నా నమ్మకం.

మన కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. వుంది. శ్రమదానాలు, రక్తదాన శిబిరాలు చేస్తున్నాం, మంచిదే. దానితోపాటు ఏడాదికి ఒక్క పనైనా ఇటువైపు పెట్టుకోవాలని యూనియన్ మిత్రులను, లెక్చరర్లను కోరుతున్నాను. నిర్బంధంలో వున్నవాడికి 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయం పొందే హక్కుందని చాలా కుటుంబాలకు తెలియదు. ఆ సంగతి మన ఊళ్లల్లో చెప్పవచ్చు. తండ్రి జైల్లో వున్న పిల్లవాడికి సాయంత్రం లెక్కలు చెప్పవచ్చు. చదువురాని తల్లికి ఉత్తరం రాసిపెట్టవచ్చు. పూర్వ విద్యార్థుల్లో వకీళ్లున్నారు, ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగాల్లో వున్నవాళ్లున్నారు. విడుదలైనవాడికి ఒక చిన్న పని చూపడం వాళ్లకు కష్టమేమీ కాదు.

ఫకీర్ సింగ్ లాగ అందరమూ ఉద్యోగాలు వదలనక్కరలేదు. ఉద్యోగాలు రావాలనే మన ఇంట్లోవాళ్లు అప్పులు చేసి చదివిస్తున్నారు. రేపు మనలో కొందరు తహసీలుదార్లవుతారు, కొందరు ఎస్సైలవుతారు, ఎవరో ఒకరు మేజిస్ట్రేటూ కావచ్చు. ఆ కుర్చీలో కూర్చొని ఒక మనిషిని లోపలికి పంపే కాగితం మీద సంతకం చేసేటప్పుడు, వాడి ఇంట్లో ఎందరున్నారు, వాళ్లు ఇవాళ రాత్రి ఏం తింటారు అని ఒక్కసారి కనుక్కోండి. ఇంటికి కబురు పంపించండి. ఆ కుర్చీలో ఉండి అంతమాత్రం చేయడానికి రాజీనామా అక్కరలేదు.